సుత్తి ఎత్తే ముందు డెబ్రీస్ లెక్క

"ఒక్క బాత్‌రూమే కదా, పది పన్నెండు సంచులు వస్తాయేమో" అనుకుని పని మొదలుపెడతారు. మూడోరోజు సాయంత్రానికి హాల్లో నడవడానికి చోటుండదు, వాచ్‌మన్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, మేస్త్రీ మాత్రం "డెబ్రీస్ మన లెక్కలో లేదు సార్" అంటాడు. డెబ్రీస్ అంటే పగలగొట్టిన టైల్స్, సిమెంటు, ఇటుక ముక్కలు. బెంగళూరు ఫ్లాట్లలో రెనొవేషన్ తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. పగలగొట్టడానికి రెండు రోజులు చాలు. పగిలినదాన్ని కిందికి దించి, బండెక్కించి, సరైన చోటికి పంపడమే అసలు పని. డెబ్రీస్ చూడటానికి చెత్తలాగే ఉంటుంది గానీ నిజానికి అది బరువు. ఆ బరువు ఎంతో ముందే తెలిస్తే సంచులు, మనుషులు, లిఫ్టు, బండి అన్నీ వాటంతటవే తేలిపోతాయి.

ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న మామూలు బాత్‌రూమ్ తీసుకోండి. చుట్టుకొలత 26 అడుగులు. ఏడడుగుల ఎత్తు వరకు టైల్స్ ఉన్నాయనుకుంటే, తలుపు తీసేశాక సుమారు 165 చదరపు అడుగుల గోడ. టైల్ ఒక్కటే ఊడి రాదు, వెనకున్న సిమెంటు కూడా వస్తుంది. రెండూ కలిపి మూడు సెంటీమీటర్ల మందం వేసుకుంటే గోడల నుంచే 900 కిలోల పైన వస్తుంది. కింద 40 చదరపు అడుగుల ఫ్లోరింగ్, టైలూ దాని కింద సిమెంటు పరుపూ కలిపి రెండంగుళాలు అనుకుంటే ఇంకో 370 కిలోలు. అంటే పైపై పనికే 1.3 టన్నులు.

ఇక్కడితో ఆగితే మంచిదే. కానీ కింది ఫ్లాట్ సీలింగ్‌లో తడి కనిపించి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయిస్తున్నట్టయితే సంకెన్ స్లాబ్ మొత్తం తవ్వాలి. బాత్‌రూమ్ స్లాబును చుట్టుపక్కల గచ్చు కన్నా తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాలు కిందికి దించి, పైపులు వేసి, ఆ గుంతని ఇటుక ముక్కలతోనో బొగ్గు బూడిద గడ్డలతోనో నింపి ఉంటారు. పాత ఇళ్లలో అందులో ఏముంటుందో తవ్వితే గానీ తెలియదు. కట్టేటప్పుడు మిగిలిపోయిన కాంక్రీటు ముక్కలు, సిమెంటు సంచుల పీలికలు, ఒక్కోసారి కర్ర చెక్కలు కూడా బయటపడతాయి. పది అంగుళాల లోతు లెక్కన అది ఒకటిన్నర టన్ను. నీరు ఊరిన ఫిల్లింగ్ అయితే ఇంకా ఎక్కువే తూగుతుంది. మొత్తం 2.8 టన్నులు. పాతిక కిలోల సంచుల్లో 110 దాటుతాయి. ఈ అంకె విన్నాక "ఒక్క బాత్‌రూమే కదా" అని ఎవరూ అనరు.

మిగతావి చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న నాలుగంగుళాల సాలిడ్ బ్లాక్ గోడ, రెండు వైపులా పూతతో కలిపి, రెండు టన్నుల పైచిలుకు. ఇరవై మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి ఐదు కిలోలు, కాబట్టి పదడుగుల వంటగట్టు పలక ఒక్కటే వంద కిలోలు. ఇంటి మొత్తం ఫ్లోరింగ్ పీకించే ఆలోచన ఉంటే ఒక్క క్షణం ఆగండి. 800 చదరపు అడుగులకి ఏడు టన్నులు దాటుతుంది. పాత టైల్ గట్టిగా అతుక్కునే ఉంటే దాని మీదే అడ్హెసివ్‌తో కొత్త టైల్ వేయించడం చాలా ఇళ్లలో తెలివైన పని. చదరపు మీటరుకి పాతిక కిలోల చొప్పున బరువు పెరుగుతుంది, తలుపుల అడుగు భాగం అర అంగుళం కోయించాలి, అంతే. నాణెంతో తట్టి చూసినప్పుడు బోలుగా మోగే టైల్స్ అక్కడక్కడా ఉంటే వాటిని మాత్రం తీసి నింపించాలి. సగానికి సగం మోగితే ఇక పీకక తప్పదు.

మాట ముందే తేల్చుకోవాలి

కొటేషన్‌లో "డిస్‌మాంట్లింగ్" అని ఒక్క మాట రాసి ఉంటుంది. అందులో డెబ్రీస్ దించడం ఉందా, లేదా? దించి గేటు దగ్గర పెట్టడం వరకేనా, బండిలో పంపడం కూడానా? పగలగొట్టడం, దించడం, పంపడం మూడు వేరే పనులు, మూడిటికీ వేరే కూలీ. ఒక్కో దాని ఎదురుగా ఎవరి ఖర్చో కాగితం మీద రాయించుకోండి. లోడు లెక్కన మాట్లాడితే ఏ బండి లోడో కూడా రాయాలి. టాటా ఏస్ లోడు, ట్రాక్టర్ లోడు ఒకటి కావు. బండి తీసుకొచ్చాక "ఇది లోడున్నర ఉంది సార్" అంటే అప్పుడు చేసేదేమీ ఉండదు. లిఫ్టు వాడనివ్వకపోతే అంతస్తుకి ఇంత అని అడుగుతారు. అది న్యాయమే గానీ ఆ రేటు కూడా ముందే తెలియాలి.

అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ఆఫీసుకెళ్లి నాలుగు సంగతులు కనుక్కోండి. ఏ గంటల్లో చప్పుడు చేయవచ్చు, ఏ లిఫ్టు వాడాలి, సంచులు కింద ఎక్కడ ఎన్ని రోజులు పెట్టుకోవచ్చు, బండి లోపలికి వస్తుందా, గేటు బయటేనా. బేస్‌మెంట్ ఎత్తు తక్కువైతే టాటా 407 లాంటి చిన్న లారీ లోపలికి రాదు. రోజూ పొద్దున చెత్త తీసుకెళ్లే ఆటోలో డెబ్రీస్ వేయకూడదు, వాళ్లు తీసుకోరు కూడా. కొద్దికొద్దిగా తడిచెత్త డబ్బాల్లో కలిపి పంపించేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి.

ఇంకొక మాట. కొత్త ఎత్తైన అపార్ట్‌మెంట్లలో కొన్నిటిని మివాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టారు. వాటిలో గోడలన్నీ కాంక్రీటువే, భవనం బరువును మోసేవే. అక్కడ గోడ పగలగొట్టే ప్రశ్నే లేదు, తలుపు వెడల్పు చేసే ప్రశ్న కూడా లేదు. బ్లాకుల గోడో కాంక్రీటు గోడో మేకు కొట్టి చూస్తే మేస్త్రీకి తెలుస్తుంది. అనుమానం ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి.

పనికొచ్చేది ముందు, పగిలేది తర్వాత

విప్పే వరుస తప్పితే అమ్ముడుపోయే సామాను కూడా డెబ్రీస్ అయిపోతుంది. మొదటిరోజు సుత్తి బయటికి రాకూడదు, స్క్రూడ్రైవర్, పానా మాత్రమే రావాలి. నల్లాలు, షవర్లు, అద్దాలు, గీజర్, ఎగ్జాస్ట్ ఫ్యాను, తలుపుల బందులు, కిచెన్ షట్టర్లు, కిటికీ గ్రిల్స్, స్విచ్ బోర్డులు ఆ రోజే విప్పించి ఒక గదిలో పెట్టించండి. ఇత్తడి నల్లాలు, రాగి తీగ, అల్యూమినియం కిటికీ ఫ్రేములు, ఇనుప గ్రిల్స్ అన్నీ తూకానికి పోతాయి. పాత సామాను కొనే గుజరీ అంగడివాడిని ఇంటికి పిలిచి మీ కళ్లముందే తూయించండి. తలుపులు, కమోడ్ బాగుంటే తూకానికి ఇవ్వడం నష్టం, విడిగా కొనేవాళ్లుంటారు. స్క్రాప్ డబ్బు ఎవరిదన్నది కూడా కూలీలతో ముందే మాట్లాడాలి. "అది మా మామూలు" అనే గొడవ చిన్నదే గానీ పని మధ్యలో వస్తే రెండు రోజులు పోతాయి.

గ్రానైట్ గట్టుని పగలగొట్టకుండా తీయవచ్చు. పలకకీ గోడకీ మధ్య జాయింట్‌ని కట్టర్‌తో కోసి, కింద నుంచి చెక్క ముక్కలు దూర్చి కొద్దికొద్దిగా పైకి లేపాలి. సింక్ కోసిన చోట పలక బలహీనంగా ఉంటుంది, అక్కడే పట్టుకుని ఎత్తితే రెండుగా విరుగుతుంది. అందుకే సింక్‌కి రెండు వైపులా ఒక్కొక్కరు, చివర ఒకరు ఉండాలి. మోసేటప్పుడు పలకని నిలువుగా పట్టుకోవాలి, పడుకోబెట్టి మోయకూడదు.

తర్వాత ఫాల్స్ సీలింగ్. జిప్సం బోర్డుని ఇటుక, కాంక్రీటు ముక్కలతో ఎంతమాత్రం కలపకండి. కాంక్రీటుని పిండి చేసి మళ్లీ వాడేచోట జిప్సం కలిస్తే అందులోని సల్ఫేట్ సిమెంటుని పాడుచేస్తుంది. తడిసి గాలి ఆడని గుట్టల్లో పడితే కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. బోర్డులు విడిగా, వాటిని పట్టి ఉంచిన జీఐ (జింకు పూత ఇనుప) పట్టీలు విడిగా పెట్టండి. పట్టీలు గుజరీకి పోతాయి.

డ్రెయిన్ మూయకుండా టైల్ ముట్టుకోవద్దు

ఈ గైడ్‌లో ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. బాత్‌రూమ్ పగలగొట్టేటప్పుడు నహానీ ట్రాప్‌లోకి (నేల మీది జాలీ కింద నీళ్లు పోయే గుంటలోకి) గుప్పెడు సిమెంటు పెచ్చులు పోయినా చాలు. అవి పైపు మలుపు దగ్గర కూర్చుంటాయి, మీద పొడి చేరుతుంది, నీళ్లు తగిలితే బురదై గట్టిపడుతుంది. మీ ఇంట్లో ఏమీ కనిపించదు. వారం తర్వాత మీ కింద రెండు మూడు అంతస్తులవాళ్ల బాత్‌రూముల్లో మురుగు పైకి తన్నుతుంది. నిలువు పైపు అందరికీ ఒకటే కదా. అప్పుడు పైపు కోసి తీయాలి, ఖర్చు మీది.

మూసే పద్ధతి ఇది. జాలీ తీసేయండి. పాత గోనెపట్టా ముక్కని ఉండగా చుట్టి, దళసరి పాలిథిన్ కవర్లో పెట్టి, మెడ దగ్గర బైండింగ్ వైరుతో బిగించండి. వైరు తోక ఒక మూర పొడవు వదలాలి. ఆ ఉండని ట్రాప్ మెడలోకి బిర్రుగా దిగేదాకా నొక్కి, తోకని పైకి తీసి గోడ మీద మేకుకి కట్టండి. తోక లేకుండా గుడ్డ కుక్కితే అది లోపలికి జారిపోతుంది, మూసిందే అడ్డమై కూర్చుంటుంది. పైన ఒక చెక్క ముక్క పెట్టి టేపు వేయండి. కమోడ్ తీసిన నాలుగంగుళాల పైపుకి ఎండ్ క్యాప్ దొరుకుతుంది, అది పెట్టించండి. వాష్ బేసిన్ వేస్ట్ పైపుకీ క్యాప్ పెట్టాలి. సిమెంటుతో మూసేద్దామనే మేస్త్రీ మాట ఒప్పుకోకండి, తీసేటప్పుడు పగిలేది లోపలికే పడుతుంది.

దీంతో పాటు ఆ బాత్‌రూమ్ నీటి వాల్వ్ కట్టేసి, నల్లా తిప్పి లైన్లో మిగిలిన నీళ్లు వదిలేయండి. గీజర్, లైటు ఎంసీబీలు (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్చులు) దించి, మళ్లీ ఎవరూ ఎత్తకుండా టేపు వేయండి.

పగలగొట్టడం, సంచుల్లో పోయడం

గోడ టైల్స్ పైనుంచి కిందికి రావాలి. కింద నుంచి మొదలుపెడితే పై వరుస ఊడి మనిషి మీద పడుతుంది. గోడలకి చిన్న రోటరీ హామర్ చాలు. పెద్ద బ్రేకర్ గోడకి పెడితే అవతలి గది ప్లాస్టర్ నెర్రెలిస్తుంది. సంకెన్ ఫిల్లింగ్ తవ్వేటప్పుడు చివరి రెండంగుళాలు ఉలి, సుత్తితో చేతి పనే. బ్రేకర్ మొన స్లాబుకి తగిలిందంటే వాటర్‌ప్రూఫింగ్ ఎంత బాగా చేయించినా ఆ దెబ్బ చోటు బలహీనమే.

దుమ్ములో సిలికా, అంటే ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటి రాతి పొడి ఉంటుంది, గుడ్డ కట్టుకుంటే ఆగదు. ఎన్95 మాస్కులు మీరే కొని ఇవ్వండి. కూలీలకి ఇవ్వడం కాంట్రాక్టరు పనే గానీ ఇచ్చేవాళ్లు తక్కువ. టైల్ ముక్కలు బ్లేడుల్లా కోస్తాయి, కాబట్టి చేతులకి రబ్బరు పూత గ్లవ్స్, కాళ్లకి బూట్లు ఉండాలి. దుమ్ము అణచడానికి స్ప్రే బాటిల్‌తో పైపైన తడపడం మంచిది. బకెట్లతో పోయడం మాత్రం వద్దు, బరువు పెరుగుతుంది, కింది ఇంటికి కారుతుంది. 2017 నవంబరు 1 నుంచి ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న హద్దు అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్ పెయింటు తలుపుల్ని పొడిగా సాన పట్టించకుండా తడి ఎమరీతో గీకించండి, ఆ పొడిని విడిగా కట్టండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

సంచుల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. సిమెంటు సంచి 50 కిలోలది కదా అని నిండా పోస్తారు. దానిలో పట్టేది 35 లీటర్లు. వదులుగా పోసిన డెబ్రీస్ ఘనపు అడుగుకి 36, 37 కిలోలు తూగుతుంది, కాబట్టి నిండా పోస్తే సంచి 45 కిలోలు. మోసేవాడు మొదటి ఐదు మోస్తాడు, ఆరోది ఈడుస్తాడు, ఈడ్చిన సంచి మెట్ల మీద చిరుగుతుంది. సగం కన్నా కొంచెం పైదాకా పోసి పాతిక కిలోల దగ్గర ఆపండి. ముందు సన్నటి పొడి, మధ్యలో టైల్ ముక్కలు, మళ్లీ పైన పొడి పోస్తే మొనలు సంచిని చీల్చవు. మూతి పురికొసతో కట్టాలి, మడిచి వదిలేస్తే కాదు. ఎండలో పడున్న సంచులు పట్టుకోగానే పొడి రాలుతాయి, అవి కొనకండి. సంకెన్ తవ్వే బాత్‌రూమ్ ఒకటికి వందా ఇరవై సంచులు తెప్పించండి. బండివాడు ఒలకబోసి తిరిగి ఇస్తాడనుకుంటే తక్కువ చాలు గానీ ఇవ్వడమన్నది అరుదు.

సంచులు ఎక్కడ పెడతారు

బాల్కనీలో. అందరూ అక్కడే పెడతారు, అక్కడ పెట్టకూడదు. బాల్కనీ చాలాచోట్ల ఒక వైపే ఆధారమున్న స్లాబు. అది అంచు దగ్గర బరువు పెట్టడానికి కట్టింది కాదు.

గదుల సంగతి కూడా చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల స్లాబులు చదరపు మీటరుకి 200 కిలోల వాడకపు బరువుకి (మనుషులు, సామాను) డిజైన్ చేస్తారు. అంటే చదరపు అడుగుకి 18, 19 కిలోలు. అంటే విడిగా పోసిన డెబ్రీస్ అరడుగు ఎత్తు చేరేసరికే హద్దు తాకుతుంది. పాతిక కిలోల సంచిని పడుకోబెడితే మూడు చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. రెండు వరుసలు పేరిస్తే హద్దు దగ్గరికి వస్తుంది, మూడోది పెడితే దాటుతుంది. స్లాబు వెంటనే కూలిపోదు, డిజైన్‌లో భద్రత ఉంటుంది. కానీ గది మధ్యలో నడుమెత్తు గుట్ట రెండు వారాలు ఉంచితే కింది ఇంటి సీలింగ్‌లో సన్నటి పగుళ్లు రావడం వింతేమీ కాదు. ఒకే వరుస, గోడల వెంబడి, బీముల మీదుగా పెట్టండి. ఏ రోజు సంచులు ఆ రోజు సాయంత్రానికి కిందికి పోయేలా చూసుకుంటే ఈ లెక్కలతో పనే లేదు.

దించడం

ఎనిమిది మంది లిఫ్టు అంటే 544 కిలోలు. ఆ అంకె చూసి ఇరవై సంచులు ఎక్కించకండి. పన్నెండు సంచులు, ఒక మనిషి, అంతే. లోపల గోడలకి ప్లైవుడ్ గానీ ప్లాస్టిక్ ఫ్లూట్ షీటు గానీ కట్టి, కింద పాత కార్పెట్ పరవాలి. లిఫ్టు ఎక్కువసార్లు చెడిపోయేది బరువుకి కాదు, తలుపు గాడిలో చేరిన గులకలకి. గింజంత టైల్ ముక్క తలుపు పట్టాలో పడితే తలుపు మూసుకోదు, లిఫ్టు ఆ అంతస్తులోనే ఆగిపోతుంది. ప్రతి నాలుగు ట్రిప్పులకి పాత పెయింటింగ్ బ్రష్‌తో ఆ గాడిని ఊడ్పించండి. నీళ్లతో కడగకండి, షాఫ్టులోకి పోతాయి.

సొంత ఇల్లు, మిద్దె మీద పని అయితే పైనుంచి కిందికి విసరడం చూస్తుంటాం. కింద ఒక మనిషిని నిలబెట్టినా ప్రమాదమే. ముక్క నేలని తాకి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. కప్పీ, తాడుతో దించడం నిదానమైనా మేలు. రోజుల తరబడి పని ఉంటే అడుగు తీసేసిన ప్లాస్టిక్ డ్రమ్ములని గొలుసుతో ఒకదాని కిందొకటి వేలాడదీసి గొట్టంలా చేయవచ్చు. దాని కింది మూతికి తడి గోనెపట్టా కట్టాలి, లేకపోతే దుమ్మంతా పక్కింటి బట్టల మీదికే.

బండి

టాటా ఏస్ మోయగలిగేది సుమారు ముప్పావు టన్ను. తొట్టి నిండా డెబ్రీస్ పోస్తే అది 1.3 టన్నులవుతుంది. కాబట్టి ఏస్ సగం పైన కొంచెం నిండిందంటే లోడు అయిపోయినట్టే, ముప్పై సంచులు. "ఇంకా చోటుంది కదన్నా" అని నింపించి పంపితే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో మలుపులోనో టైరు పేలుతుంది, డెబ్రీస్ రోడ్డు మీద ఒలుకుతుంది. పైపై బాత్‌రూమ్ పనికి ఏస్ రెండు ట్రిప్పులు, సంకెన్ తవ్వితే నాలుగు. 407 రెండు టన్నుల పైచిలుకు తీసుకెళ్తుంది. వంద ఘనపు అడుగుల ట్రాక్టర్ ట్రెయిలర్‌లో మూడున్నర టన్నుల పైన పడుతుంది, కానీ ఇరుకు సందుల్లో తిరగదు. రద్దీ వేళల్లో పెద్ద బళ్ల మీద ట్రాఫిక్ పోలీసుల ఆంక్షలుంటాయి కాబట్టి మధ్యాహ్నానికి పిలిస్తే సుఖం. పైన టార్పాలిన్ కట్టకుండా బండి గేటు దాటనివ్వకండి.

ఎక్కడికి పోతుందో అడగండి. తక్కువ రేటు చెప్పే బండి చాలాసార్లు ఏ చెరువు అంచుకో రాజకాలువకో (వాన నీళ్లు పోయే పెద్ద కాలువ) ఖాళీ స్థలానికో పోతుంది. సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల వానలకి అదే కాలువ పొంగి వీధుల్లోకి వస్తుంది. 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాల్లో చెత్త పుట్టించినవాళ్ల మీదే బాధ్యత పెట్టారు. రోడ్డు మీద, కాలువలో పడకూడదు, అనుమతి ఉన్న కేంద్రానికే చేరాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు వాటి స్థానంలోకి వచ్చాయి. వాటిలోని పెద్ద బాధ్యతలు 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడాలకి. మీ బాత్‌రూమ్‌కి ఆ తలనొప్పి లేదు, ఎక్కడపడితే అక్కడ పోయకపోతే చాలు. నగరంలో చెత్త సంగతి చూసే సంస్థ బీఎస్‌డబ్ల్యూఎంఎల్ (బెంగళూరు సాలిడ్ వేస్ట్ మేనేజ్‌మెంట్ లిమిటెడ్). డెబ్రీస్‌ని పిండి చేసి ఇసుక, పేవర్ బ్లాకుల సరుకుగా మార్చే ప్లాంటు నగరానికి ఉత్తరాన చిక్కజాల వైపు ఉంది. నగరపాలక హెల్ప్‌లైన్ 1533కి ఫోన్ చేసి మీ ప్రాంతానికి దగ్గరి కేంద్రం, బండి ఏర్పాటు కనుక్కోండి. ప్రైవేటు బండి పెట్టుకుంటే నంబరు ప్లేటు కనపడేలా లోడు ఫోటో తీసి, డబ్బు సగం ముందు, సగం దించిన చోటు ఫోటో లొకేషన్‌తో పంపాక ఇవ్వండి. ఈ ఒక్క షరతుకే కొందరు డ్రైవర్లు రాము అంటారు. రాకపోవడమే మంచిది.

డెబ్రీస్ బండిలోకి ఎక్కకూడనివి కొన్ని ఉన్నాయి. ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టపెట్టెలో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వాలి. ఏసీని విప్పే ముందు మెకానిక్ గ్యాసుని అవుట్‌డోర్ యూనిట్లోకి లాగి బంధించాలి, పైపు కోసి గాలిలోకి వదలకూడదు. సగం మిగిలిన పెయింటు, థిన్నర్ డబ్బాలు సింక్‌లో పోయకండి. పాత ఇంటి వెనక రేకుల షెడ్డు ఆస్‌బెస్టాస్ సిమెంటుదైతే దాన్ని పగలగొట్టకూడదు. తడిపి, బోల్టులు విప్పి, రేకుని రేకుగానే దించి, రెండు పొరల పాలిథిన్‌లో చుట్టి విడిగా అప్పగించాలి. పగిలితే వచ్చే నూగు ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తర్వాత కాన్సర్ తేవచ్చు.

పాత డెబ్రీస్‌తోనే గుంత నింపుదాం అంటే

మేస్త్రీ తప్పకుండా అంటాడు, ఎందుకంటే అతనికి రెండు ట్రిప్పులు మిగులుతాయి. సంకెన్ నుంచి తీసిన ఇటుక ముక్కలు మళ్లీ అందులోనే పోసి పైన కాంక్రీటు వేస్తానంటాడు. ఒప్పుకోవద్దు. ఆ ముక్కలు ఏళ్ల తరబడి మురుగు నీళ్లు, సబ్బు, ఉప్పు పీల్చినవి. తేమని పట్టి ఉంచుతాయి, ఉప్పు పైకొచ్చి టైల్స్ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ తెల్లబడుతుంది. జిప్సం పొడి కలిసి ఉంటే సిమెంటు దెబ్బతింటుంది, చెక్క ముక్క ఉంటే చెదలు. మొనదేలిన టైల్ ముక్కలు కొత్త వాటర్‌ప్రూఫింగ్ పొరని గుచ్చుతాయి, అదీ అన్నిటికన్నా పెద్ద దెబ్బ. ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే సిమెంటు బ్లాకు) ముక్కల్లాంటి తేలికపాటి కొత్త సరుకు వేయించండి, స్లాబుకీ హాయి. మొక్కల కుండీల్లో వేద్దామన్నా సిమెంటు పొడిలో సున్నం ఎక్కువ, మల్లె, గులాబీ వంటివి పసుపెక్కుతాయి. శుభ్రంగా విప్పిన సాలిడ్ బ్లాకులు మాత్రం పెరటి గోడకో అరుగుకో నిక్షేపంగా పనికొస్తాయి, పక్కన పేర్పించండి.

అన్నీ వెళ్లిపోయాక తడిగుడ్డ పట్టుకోవద్దు. మొదట వాక్యూమ్ క్లీనర్‌తో, లేదా తడి రంపపు పొట్టు చల్లి మెత్తటి చీపురుతో, ఆ తర్వాతే తడి. ముందే తడిపితే సిమెంటు పొడి గచ్చుకి అంటుకుని తెల్లటి పొర కడుతుంది. ఫ్యాను రెక్కలు, ఏసీ ఫిల్టర్లు, కిటికీ పట్టాల గాడులు మర్చిపోకండి.

ఆఖరున ట్రాప్ దగ్గర కూర్చుని చుట్టూ పొడి లేకుండా గుడ్డతో తుడిచి, చెక్క తీసి, వైరు తోక పట్టుకుని గోనె ఉండని నిదానంగా పైకి లాగండి. బకెట్ నీళ్లు ఒక్కసారి పోయండి. సుడి తిరిగి గటగటమని దిగిపోతే సరే. నిలబడి మెల్లగా దిగుతుంటే కొత్త టైల్స్ వేయించకముందే ప్లంబర్‌ని పిలిపించండి. ఆ రోజే కిందికెళ్లి గ్రౌండ్ ఫ్లోర్ మురుగు ఛాంబర్ మూత తీయించి, అందులో టైల్ ముక్కలు, సిమెంటు బురద ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.